మీ కారుకి ఎన్ని తాళంచెవులు తెలుసు?

యాక్సెసరీస్ షాపులో కారు దొంగతనం మాటెత్తితే కబుర్లన్నీ సైరన్ చుట్టూనే తిరుగుతాయి. ఎంత గట్టిగా మోగుతుంది, రిమోట్ ఎంత దూరం నుంచి అందుతుంది, లాక్ చేసినప్పుడు ఏ కూత కూస్తుంది. ఇంజన్ని నిజంగా ఆపేది ఏమిటి, ఈ కారు కంప్యూటర్లో ఇవాళ్టికి ఎన్ని కీలు నమోదై ఉన్నాయి, అవి ఎవరెవరి చేతుల్లో ఉన్నాయి అని అడిగేవాళ్ళు బాగా తక్కువ. కారుని ఇంట్లో ఉంచేది కీ పిడిలో ఉన్న చిప్, సైరన్ దానికి సాయం మాత్రమే అని నేను గట్టిగా నమ్ముతాను. మన డబ్బూ శ్రద్ధా కూడా అదే వరసలో ఖర్చు కావాలి. ఇప్పుడు జరుగుతున్నది దీనికి తలకిందులు.

ముందు సైరన్ సంగతి చూద్దాం. వాహన అలారాలకు ఐక్యరాజ్యసమితి నిబంధన 116 ఒకటుంది, యూరప్ కార్లు దాన్నే పాటిస్తూ వచ్చాయి. దాని ప్రకారం సైరన్ ఒకసారి మొదలైతే 25 నుంచి 30 సెకన్లు మోగి ఆగిపోవాలి. ఊళ్ళో వాళ్ళ నిద్ర చెడకూడదని పెట్టిన హద్దు అది, సబబైనదే. కానీ యజమాని లెక్కలో దాని అర్థం వేరు. మూడో అంతస్తులో నిద్రపోతున్న మనిషి ఆ మోత విని, అది తన బండిదేనని పోల్చుకుని, లేచి కిటికీ దగ్గరికి వచ్చేలోపు అర నిమిషం అయిపోతుంది. పైగా అపార్ట్‌మెంట్ సెల్లార్లో రోజూ ఏదో ఒక కారు ఊరికే అరుస్తూనే ఉంటుంది కాబట్టి అసలు లేచేవాళ్ళే తక్కువ. సీట్లో పెట్టిన లాప్‌టాప్ కోసం అద్దం పగలగొట్టేవాడిని సైరన్ బెదరగొడుతుంది, అందులో సందేహం లేదు. కారునే తీసుకుపోదామని వచ్చినవాడిని ఆపడం మాత్రం దాని వల్ల అయ్యే పని కాదు.

దీనికి నాకు తెలిసిన అతి పెద్ద రుజువు అమెరికాలో దొరికింది. అక్కడ హ్యుందాయ్, కియా కంపెనీలు 2011 నుంచి 2022 మోడళ్ళ దాకా, కీ పెట్టి తిప్పే చాలా వేరియంట్లలో ఇమ్మొబిలైజర్ (కీలోని చిప్‌ని గుర్తుపడితేనే ఇంజన్ని నడవనిచ్చే ఏర్పాటు) పెట్టకుండానే అమ్మేశాయి. ఇన్సూరెన్స్ నష్టాల లెక్కలు చూసే అక్కడి సంస్థ హెచ్‌ఎల్‌డీఐ ప్రకారం 2015 మోడళ్ళలో మిగతా కంపెనీల వాహనాల్లో 96 శాతానికి ఇమ్మొబిలైజర్ మామూలుగానే వస్తే, ఈ రెండు కంపెనీల వాటిలో 26 శాతానికే వచ్చింది. మిల్వాకీలో మొదలైన దొంగతనాలు 2021, 2022ల్లో సోషల్ మీడియా వీడియోలతో దేశమంతా పాకాయి. దొంగలు చాలామంది బడి వయసు పిల్లలు. వాళ్ళకి ఏ సాంకేతిక విద్యా అవసరం పడలేదు, ఎందుకంటే ఇగ్నిషన్ స్విచ్‌ని ఎవరు తిప్పుతున్నారని ఆ కారు అసలు అడగనే అడగదు. ఆ గొడవల్లో కనీసం 14 ప్రమాదాలు, 8 మరణాలు నమోదయ్యాయని అక్కడి రోడ్డు భద్రతా సంస్థ 2023 ఫిబ్రవరిలో ప్రకటించింది.

అవే మోడళ్ళు సరిహద్దు దాటి కెనడాలోనూ తిరుగుతున్నాయి. అక్కడ 2007 సెప్టెంబరు నుంచి కొత్త కార్లకి ఇమ్మొబిలైజర్ తప్పనిసరి. ఈ బెడద అక్కడికి పాకలేదు. అదే కంపెనీ, అదే డోరు, అదే అద్దం. కీలో ఒక చిప్, దాన్ని చదివే ఒక కాయిల్, అంతే తేడా. నెదర్లాండ్స్‌లో కూడా ఇద్దరు ఆర్థికవేత్తలు ఇమ్మొబిలైజర్ నిబంధనకు ముందూ తర్వాతా లెక్కలు పోల్చి, కార్ల దొంగతనాలు సగటున 40 శాతం తగ్గాయని అంచనా కట్టారు.

2023 ఫిబ్రవరిలో ఆ కంపెనీలు ఉచిత సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ప్రకటించాయి. హ్యుందాయ్‌వి సుమారు 38 లక్షలు, కియావి 45 లక్షల వాహనాలు. దానిలో మార్పులు రెండు. అలారం మోత 30 సెకన్ల నుంచి నిమిషానికి పెరిగింది, ఇగ్నిషన్లో కీ ఉంటే తప్ప బండి ఆన్ కాకుండా చేశారు. అప్‌డేట్ చేయించిన కార్లలో దొంగతనం క్లెయిములు 53 శాతం, కారు మొత్తంగా పోయిన క్లెయిములు 64 శాతం తగ్గాయని హెచ్‌ఎల్‌డీఐ తర్వాత లెక్క తేల్చింది. ఆ తగ్గుదల రెండో మార్పు పుణ్యమేనని నా నమ్మకం. అయితే అద్దాలు పగలడం ఆగలేదు, లోపల అప్‌డేట్ ఉందో లేదో బయట నుంచి వచ్చినవాడికి తెలియదు కదా. అందుకే కిటికీకి అంటించడానికి స్టిక్కర్ కూడా ఇస్తారు. దాన్ని డాష్‌బోర్డు అరలో పడెయ్యకుండా అంటించాలి.

డాలస్, షికాగో, సెయింట్ లూయిస్ లాంటి చోట్ల చదువుకునే మన పిల్లలు మొదట కొనేది చాలాసార్లు పాత ఎలాంట్రానో సొనాటానో అవుతుంది. వాళ్ళు గమనించాల్సిందేమిటంటే, పుష్ బటన్ స్టార్ట్ ఉన్న వేరియంట్‌లో ఇమ్మొబిలైజర్ ఉంటుంది. కీ తిప్పే రకమైతే ఇగ్నిషన్ ఆన్ చేసి మీటర్లో కీ బొమ్మ దీపం వెలుగుతుందో లేదో చూడండి. వెలగకపోతే డీలర్ దగ్గర కారు గుర్తింపు నంబరు (వీఐఎన్) చెప్పి అప్‌డేట్ అయిందో లేదో కనుక్కోండి. అప్‌డేట్ అయిన కారుని రిమోట్ బటన్‌తో లాక్ చేస్తేనే ఆ రక్షణ మొదలవుతుంది. లోపలి లాక్ బటన్ నొక్కి తలుపు మూసేసి పోతే అప్‌డేట్ ఉన్నా లేనట్టే. ఈ ఒక్క ముక్క కారు అమ్మేవాళ్ళు చెప్పరు.

ఇక చిప్ దగ్గరికి వద్దాం. కీ పిడి విప్పితే అందులో రెండు వేరు వేరు వస్తువులు ఉంటాయి. ఒకటి రిమోట్ సర్క్యూట్: బటన్లు, సీఆర్2032 లేక సీఆర్1620 లాంటి 3 వోల్టుల బిళ్ళ బ్యాటరీ, మన దేశంలో 433.92 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే ట్రాన్స్‌మిటర్. దీని పని తలుపులు, అలారం వరకే. రెండోది ట్రాన్స్‌పాండర్. కొన్నింటిలో 12 మిల్లీమీటర్ల పొడవు, 6 వెడల్పు, 3 మందం ఉన్న నల్ల బిళ్ళగా, కొన్నింటిలో సన్న గాజు గొట్టంగా ఉంటుంది, ఇంకొన్నింటిలో సర్క్యూట్ మీదే ఐసీగా అతికి ఉంటుంది. దానికి బ్యాటరీ అక్కర్లేదు. ఇగ్నిషన్ లాక్ చుట్టూ ఉండే కాయిల్ 125 కిలోహెర్ట్జ్ దగ్గర (టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ రకాల్లో 134.2) అయస్కాంత క్షేత్రం పుట్టిస్తే, చిప్ ఆ శక్తితోనే మేలుకుంటుంది. కారు ఒక అంకె విసురుతుంది, ఆ అంకెనీ తనలో దాచుకున్న రహస్య అంకెనీ కలిపి చిప్ జవాబు లెక్కగట్టి పంపుతుంది. కారు తన లెక్కతో పోల్చుకుని సరిపోతేనే ఇంజన్ని నడిపే కంప్యూటర్‌కి, అంటే ఈసీయూకి, అనుమతి ఇస్తుంది. ఇదంతా కీ తిప్పిన క్షణంలోనే, కొద్ది సెంటీమీటర్ల దూరంలోనే జరిగిపోతుంది.

ఈ రెండూ వేరని తెలియకపోవడం వల్ల వచ్చే నష్టాలు ఎన్నో. రిమోట్ బ్యాటరీ అయిపోతే కీ తిప్పే కారు నిక్షేపంగా స్టార్ట్ అవుతుంది, ‘కోడ్ పోయింది’ అని ఎవరన్నా చెప్పి డబ్బు అడిగితే ఇవ్వకండి. దీనికి ఎదురు సమస్య ఇంకా ఘోరం. పాత కీ పిడి అరిగిపోయిందని బజార్లో కొత్త ఫ్లిప్ కీ కేసు కొని సర్క్యూట్ అందులోకి మారుస్తారు. నల్ల బిళ్ళ మాత్రం పాత కేసు మూలలో జిగురుతో అతుక్కుని ఉండిపోతుంది, ఆ కేసు చెత్తబుట్టలోకి పోతుంది. తలుపులు తెరుచుకుంటాయి, ఇంజన్ అందుకోదు. కేసు మార్చేటప్పుడు పాత దాన్ని పూర్తిగా విప్పి బిళ్ళని సన్నటి బ్లేడుతో మెల్లగా లేపి, కొత్తదాంట్లో దానికోసం ఉన్న గూట్లో పెట్టి, బండి స్టార్ట్ చేసి చూశాకే పాత కేసు పారెయ్యాలి. గాజు గొట్టం రకమైతే మరీ జాగ్రత్త. నొక్కితే పగులుతుంది, పగిలితే ఆ కీ కథ ముగిసినట్టే.

ఈ చిప్‌లు బద్దలు కొట్టలేనివేమీ కావు. మొదటి తరం చిప్‌లు ఎప్పుడూ ఒకే అంకె పంపేవి, చదివి నకలు తీస్తే సరిపోయేది. తర్వాతివాటిలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వారి 40 బిట్ల రహస్య అంకె ఉన్న రకాన్ని 2005లో జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయం, ఆర్‌ఎస్‌ఏ ల్యాబ్స్ పరిశోధకులు ఛేదించి చూపారు. 48 బిట్ల హైటాగ్2 చిప్ వంతు 2012లో వచ్చింది. మెగామోస్ క్రిప్టో అనే ఇంకో చిప్ లోపాల మీద రాసిన పత్రాన్ని ఫోక్స్‌వ్యాగన్ కోరిక మీద 2013లో ఇంగ్లండ్ కోర్టు ఆపింది, ఒక వాక్యం తీసేసి 2015లో బయటపెట్టారు. కానీ వీధిలో కారు ఎత్తుకుపోయేవాడు ఈ లెక్కలతో కుస్తీ పట్టడు. కారుకి కొత్త కీ నేర్పించడానికి కంపెనీ తానే ఒక దారి వదిలిపెట్టింది. అదే స్టీరింగ్ కింద, మెకానిక్ స్కానర్ తగిలించే ఓబీడీ పోర్టు. కీ పోగొట్టుకున్న యజమానికి సర్వీస్ సెంటర్ సాయం చెయ్యాలంటే ఆ దారి ఉండి తీరాలి. దొంగ కూడా అదే దారిన వస్తాడు, లేకపోతే ఎప్పుడో మన కీ కాసేపు చేతికందినప్పుడు దాన్ని పట్టుకుని వస్తాడు.

అందుకే శీర్షికలో ఆ ప్రశ్న. కీలు నమోదు చేసే స్కానర్ ఉన్న చోట, కంపెనీ సర్వీస్ సెంటర్ అయితే మంచిది, ఇమ్మొబిలైజర్ మెనూలోకి వెళ్ళి ఎన్ని కీలు నమోదై ఉన్నాయో చూడమనండి. చాలా మోడళ్ళలో ఆ సంఖ్య నేరుగా కనిపిస్తుంది. మీ చేతిలో రెండు ఉండి అక్కడ మూడు కనిపిస్తే, మూడోది ఎవరి జేబులో ఉందో మీకు తెలియదన్న మాట. అప్పుడు అన్నిటినీ చెరిపేసి, చేతిలో ఉన్నవాటిని మాత్రమే మళ్ళీ నమోదు చేయించాలి. ఇంట్లో ఉన్న ప్రతి కీ తీసుకునే వెళ్ళండి, ఆ సమయానికి అక్కడ లేనిది చచ్చిపోయినట్టే. ఆర్‌సీ, గుర్తింపు కార్డు అడుగుతారు. అడగని చోట చేయించకండి, మిమ్మల్ని అడగనివాడు ఇంకొకడినీ అడగడు. సెకండ్ హ్యాండ్ కారు కొన్న వారంలోపు ఇది జరగాలి. కీ పోయినా, డ్రైవర్ మానేసినా మళ్ళీ చేయించుకోవాలి. చెరిపేసిన కీ ఇంజన్ని స్టార్ట్ చెయ్యదు గానీ దాని ఇనుప బ్లేడు తలుపు తాళాన్ని ఇంకా తిప్పుతుంది, కాబట్టి కారులో విలువైనవి వదలొద్దు.

ఇందులో ఒక మెలిక ఉంది. డూప్లికేట్ కీ చేయించడంలో రెండు పద్ధతులున్నాయి. ఒకటి, కొత్త చిప్‌ని కారుకి కొత్త కీగా పరిచయం చెయ్యడం. రెండోది, కారుతో పనిలేకుండా పాత చిప్‌ని చదివి కొత్త చిప్ మీద నకలు దించడం. రోడ్డు పక్క కీ షాపుల్లో రెండోదే ఎక్కువ, చవకా త్వరగా అయిపోతుంది. కానీ కారు దృష్టిలో ఆ రెండూ ఒకే కీ. నమోదైన కీల సంఖ్య పెరగదు, స్కానర్ చూపించదు. అసలు కీని మళ్ళీ నమోదు చేస్తే దాని నకలు కూడా బతికే అవకాశం ఉంది. తెలియకుండా నకలు తీశారన్న అనుమానం బలంగా ఉంటే పాత కీనే మళ్ళీ నమోదు చేయించకుండా కొత్త చిప్‌తో కొత్త కీ కొనడమే దారి. కాస్త ఎక్కువైనా సరే, మూడో కీ కావాలనుకున్నప్పుడు పరిచయం చేసే పద్ధతే అడగండి.

కొత్త కీ గుత్తికి చిన్న ట్యాగ్ మీద ఒక నంబరు వస్తుంది. ఆ నంబరుతో ఇనుప బ్లేడు అచ్చంగా కోయించుకోవచ్చు. దాన్ని గుత్తికే వేలాడదీసుకుని తిరిగేవాళ్ళని చూస్తూనే ఉంటాం. ఇంటికి రాగానే తీసి కాగితాల బీరువాలో పెట్టండి. షోరూం డెలివరీ ఫొటోలో అట్టతో చేసిన పెద్ద కీ పట్టుకుని దిగడంలో నష్టం లేదు. అసలు కీ బ్లేడు పళ్ళు స్పష్టంగా కనిపించే ఫొటో మాత్రం పెట్టకండి, దాన్ని చూసి కోయగలిగేవాళ్ళున్నారు. ఫంక్షన్ హాలు ముందు కార్లు పార్క్ చేసే వ్యాలే కుర్రాడికి ఇంటి తాళాలతో సహా గుత్తి మొత్తం ఇచ్చెయ్యడం, షెడ్డులో మూడు రోజులు బండి వదిలేటప్పుడు రెండు కీలూ ఇచ్చిరావడం ఇలాంటివే. ఒక్క కీ, దానికి వేరే ఏదీ తగిలించకుండా ఇవ్వాలి.

కొన్ని ముఠాలు ఈసీయూ, ఇమ్మొబిలైజర్ బాక్సు, వాటికి జతపడిన కీ మొత్తం సెట్టుగా వెంట తెచ్చుకుని మీ కారులోవి పీకి తమవి తగిలిస్తాయి. అప్పుడు మీ చిప్ ఎంత గట్టిదైనా లాభం లేదు. దీనికి విరుగుడు ఎలక్ట్రానిక్స్‌లో లేదు. మంచి గేర్ లాక్, వీలైతే బానెట్ లాక్, ఓబీడీ పోర్టుకి తాళం వేసే ఇనుప డబ్బా కావాలి. రెండో సైరన్ కొనే డబ్బుతో గేర్ లాక్ కొనుక్కోమని ఎవరికైనా చెబుతాను.

కారు మొరాయించినప్పుడు తప్పు చిప్‌దా బ్యాటరీదా అని తేల్చుకోవడం కష్టం కాదు. సెల్ఫ్ కొడితే టకటకమని దీపాలు మసకబారితే అది బ్యాటరీ గొడవ. సెల్ఫ్ హుషారుగా తిరుగుతూ ఇంజన్ అందుకోకపోయినా, అందుకుని ఒకటి రెండు సెకన్లలో ఆగిపోయినా, మీటర్లో కీ బొమ్మ దీపం చూడండి. ఇగ్నిషన్ ఆన్‌లో అది వెలిగి, మోడల్‌ని బట్టి కాసేపటికి గానీ ఇంజన్ స్టార్ట్ అయ్యాక గానీ ఆరిపోవడం మామూలే. ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా గబగబా మిణుకుతుంటే కీని గుర్తుపట్టలేదని అర్థం. లాక్ చేసి పెట్టిన కారులో నెమ్మదిగా మిణికే దీపం వేరు, అది అలారం కాపలాలో ఉందన్న సూచన. ఫోర్డ్ కార్లలో ఆ దీపం నిమిషం పాటు వేగంగా మిణికి, ఆ తర్వాత ఒక కోడ్‌ని మిణుకుల లెక్కలో చూపిస్తుంది. ఆ లెక్క రాసుకుని మెకానిక్‌కి చెబితే సగం పని అయినట్టే.

అప్పుడు చెయ్యాల్సింది ఇది. కీ బయటికి తీసి గుత్తి నుంచి విడదీయండి. అదే రింగులో ఇంకో చిప్ కీ, ఉదాహరణకి ఇంట్లో రెండో కారుది, ఉంటే రెండు చిప్‌లూ ఒకేసారి మేలుకుని కాయిల్‌కి ఏ జవాబూ సరిగా అందదు. ఒంటి కీ పెట్టి ఆన్ చేసి ఐదు సెకన్లు ఆగి, దీపం చూసి సెల్ఫ్ కొట్టండి. కాకపోతే రెండో కీతో ప్రయత్నించండి. రెండోదానితో అయితే తప్పు మొదటి కీ చిప్‌ది. రెండూ కాకపోతే ఇగ్నిషన్ చుట్టూ ఉన్న కాయిల్ కనెక్టర్ చూడాలి, స్టీరింగ్ పనో స్టీరియో పనో జరిగిన తర్వాత అది వదులవడం పరిపాటి. సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ వోల్టేజీ 9.6 కంటే కింద పడుతుంటే కంప్యూటర్లే తడబడతాయి, ముందు బ్యాటరీ సంగతి చూడండి. స్కానర్ పెడితే పి0513 తప్పు కీకి, పి0633 ఈసీయూలో కీ నమోదు కాలేదనడానికి, యూ0167 ఇమ్మొబిలైజర్ బాక్సుతో మాట తెగిపోయిందనడానికి గుర్తులు. మూడోది వస్తే కీలు మార్చి డబ్బు తగలెయ్యకండి, ఫ్యూజు, వైరు వెతకండి.

బ్యాటరీ టెర్మినల్ పీకి పెడితే ‘రీసెట్’ అవుతుందనేది ఎంత పాతుకుపోయిన సలహానో అంత పనికిరానిది. కీల నమోదు కరెంటు పోయినా చెరగని మెమరీలో ఉంటుంది. పైగా అలారం కాపలాలో ఉండగా టెర్మినల్ పీకితే, తిరిగి పెట్టినప్పుడు చాలా కార్లు పాత స్థితి గుర్తు తెచ్చుకుని అరవడం మొదలుపెడతాయి.

రిమోట్ పని చెయ్యనప్పుడు ఇనుప బ్లేడుతో తలుపు తీస్తే సైరన్ మోగడం కూడా చాలామందిని కంగారు పెడుతుంది. రిమోట్‌తో పెట్టిన కాపలాని బ్లేడు తియ్యదు. కంగారు పడకుండా కూర్చుని నమోదైన కీతో ఇగ్నిషన్ ఆన్ చేస్తే ఎక్కువ మోడళ్ళలో సైరన్ ఆగుతుంది, ఎందుకంటే కారు నమ్మేది చిప్‌ని. పిల్లల చేతిలో పడి రిమోట్ బటన్ వందలసార్లు నొక్కుడైతే నొక్కిన ప్రతిసారీ మారే రోలింగ్ కోడ్ లెక్క తప్పుతుంది. బాగా వాడుకలో ఉన్న కీలాక్ పద్ధతిలో కారు ముందున్న 16 కోడ్ల వరకు వెంటనే ఒప్పుకుంటుంది, అంతకంటే ముందుకు పోతే వరసగా రెండు కోడ్లు విన్నాక గానీ ఒప్పుకోదు. అందుకే కారు పక్కన నిలబడి రెండు మూడుసార్లు నొక్కితే చాలాసార్లు అదే సర్దుకుంటుంది.

బయట అలారం పెట్టించుకునేవాళ్ళకి వైరింగ్ గురించి గట్టిగా చెప్పాలి. ఇంజన్ కట్ కోసం వాడేది 40 ఆంపియర్ల ఐదు పిన్నుల రిలే, అంటే కరెంటుతో కదిలే స్విచ్. పిన్నుల నంబర్లు 30, 85, 86, 87, 87ఏ. సెల్ఫ్ వైరు కోసి రెండు కొసల్ని 30, 87ఏ లకు కలిపితే అలారం బాక్సు చెడిపోయినా బండి స్టార్ట్ అవుతుంది, కానీ అలారం ఫ్యూజు పీకినవాడికీ అవుతుంది. 30, 87 లకు కలిపితే బాక్సు ఒప్పుకుంటేనే స్టార్ట్. రక్షణ ఎక్కువే, బాక్సు పోయిన రోజు నడిరోడ్డు మీద నిలబడాలి. కంపెనీ చిప్ ఉన్న కారుకి నేను 87ఏ పద్ధతే మేలంటాను, అసలు కాపలా చిప్ ఎలాగూ చూస్తోంది. అంతకంటే ముఖ్యమైనది: కట్ సెల్ఫ్ వైరు మీదే ఉండాలి. ఫ్యూయల్ పంపు మీదో ఇగ్నిషన్ మెయిన్ వైరు మీదో పెడితే, ఆ రిలే హైవే మీద వంద స్పీడులో వదిలేసిన క్షణాన ఇంజన్ ఆగి, స్టీరింగ్ బరువెక్కి, ఒకటి రెండు తొక్కుళ్ళ తర్వాత బ్రేకు గట్టిపడిపోతుంది. ఇంజన్ నడుస్తుండగా ఇమ్మొబిలైజర్ పట్టుకోకూడదని నిబంధన 116 కూడా ఇందుకే అంటుంది. జాయింట్లు నొక్కుడు క్లిప్పులతో కాకుండా సోల్డరింగ్ చేసి హీట్ ష్రింక్ వెయ్యమనండి, క్లిప్పుల్లోకి రెండు వానాకాలాల్లో చెమ్మ చేరి పచ్చటి తుప్పు పడుతుంది.

రిమోట్‌తో దూరం నుంచి ఇంజన్ స్టార్ట్ చేసే కిట్లు కొన్ని షాపుల్లో బిగిస్తారు. కారుకి చిప్ ఉంటే అది ఒప్పుకోదు కాబట్టి, మీ రెండో కీ అడిగి తీసుకుని, దాన్నో దాని చిప్‌నో డాష్‌బోర్డు లోపల కాయిల్ పక్కన టేపు చుట్టి దాచేస్తారు. ఆ కిట్ ఆ చిప్‌ని ఎప్పుడూ కాయిల్‌కి చూపిస్తుండేలా కట్టారంటే, ఆ కారుకి ఇమ్మొబిలైజర్ పీకేసినట్టే లెక్క. అమెరికాలో ఆ కియాలకి పట్టిన గతికి మీ చేతులారా దారి వేసుకున్నట్టు. ఎండలో ఏసీ ముందే చల్లబడాలన్న కోరిక అర్థం చేసుకోగలను, కానీ దానికి ఇది తగిన ధర కాదు. ఇప్పటికే అలా బిగించి ఉంటే విప్పించెయ్యండి.

బయట అలారం నిద్రలో కూడా 20 మిల్లీ ఆంపియర్ల దాకా తింటుంది. కారు సొంత వాడకం 30 అనుకుంటే మొత్తం 50. రోజుకి 1.2 ఆంపియర్ అవర్లు, మూడు వారాలకి 25. చిన్న కార్లలో ఉండే 35 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అప్పటికి సెల్ఫ్ కొట్టలేదు. ఊరెళ్ళేవాళ్ళు ఈ లెక్క గుర్తుంచుకోవాలి. మల్టీమీటర్‌ని నెగటివ్ టెర్మినల్‌కి వరసలో పెట్టి, కారు లాక్ చేసి అరగంట ఆగి చూస్తే అసలు సంఖ్య తెలుస్తుంది. 50 దాటితే వెతకాల్సిందే.

ఊరికే అరిచే అలారం అలారం లేకపోవడం కంటే చెడ్డది, ఎందుకంటే నిజంగా మోగిన రోజు ఎవరూ పట్టించుకోరు. షాక్ సెన్సర్‌ని ఇనుప భాగానికి గట్టిగా బిగించాలి. ప్లాస్టిక్ మీద టేపుతో అంటిస్తే డీజే బండి పోయినా దీపావళి లక్ష్మీబాంబు పేలినా అరుస్తుంది. దాని మీదుండే చిన్న స్క్రూని తగ్గించుకుంటూ వచ్చి, అద్దం మీద అరచేత్తో మామూలుగా తడితే మోగకుండా, పిడికిలితో గట్టిగా గుద్దితే మోగే చోట ఆపాలి. లోపల కదలికలు చూసే అల్ట్రాసోనిక్ సెన్సర్ ఉన్న కారులో అద్దానికి వేలాడదీసిన నిమ్మకాయల దండో బొమ్మో, కొద్దిగా దించిన అద్దం లోంచి వచ్చే గాలికి ఊగితే చాలు, సైరన్ మోగుతుంది. ఏ సెన్సరూ కారణం కాదనిపిస్తే బానెట్ కింద పిన్ స్విచ్ చూడండి. వానాకాలంలో అది తుప్పు పట్టి బానెట్ తెరుచుకుందని కారుకి అబద్ధం చెబుతుంది. తుడిచి, కాస్త గ్రీజు రాస్తే సరి.

పుష్ బటన్ కార్లలో కీ జేబులో ఉంటే చాలు కాబట్టి, దాని సిగ్నల్‌ని ఇంటి గోడ అవతల నుంచి కారు దాకా మోసుకెళ్ళే దొంగతనాలు ఉన్నాయి. స్విట్జర్లాండ్ ఈటీహెచ్ పరిశోధకులు 2011లోనే 8 కంపెనీల 10 మోడళ్ళ మీద దీన్ని చేసి చూపారు. సిగ్నల్ ఆపే పౌచ్ కొన్నారంటే, కీ అందులో పెట్టుకుని కారు దగ్గరికి వెళ్ళి హ్యాండిల్ లాగండి. తెరుచుకుంటే ఆ పౌచ్ దండగ. టయోటా కీలు కొన్నింటిలో లాక్ బటన్ నొక్కి పట్టుకుని అన్‌లాక్ రెండుసార్లు నొక్కితే కీ నిద్రపోతుంది. కీ బ్యాటరీ పూర్తిగా అయిపోయినా ఈ కార్లు స్టార్ట్ అవుతాయి. ఆ కీని స్టార్ట్ బటన్‌కి ఆనించి బ్రేకు తొక్కి నొక్కాలి, లోపల బ్యాటరీ అక్కర్లేని పాత రకం చిప్ ఒకటి అందుకే పెట్టారు. మోడల్‌ని బట్టి ఆనించాల్సిన చోటు మారుతుంది. మాన్యువల్ చూసి ఇంట్లో అందరి చేతా ఒకసారి చేయించండి.

చివరిగా ఇన్సూరెన్స్. వాహనాలని పరీక్షించే సంస్థ ఆరాయ్ ఆమోదించిన అలారం పెట్టించి, ఆటోమొబైల్ అసోసియేషన్ సర్టిఫికెట్ తెచ్చుకుంటే మన మోటార్ టారిఫ్ ప్రకారం ఓన్ డ్యామేజీ (సొంత కారు నష్టానికి కట్టే) ప్రీమియంలో 2.5 శాతం, గరిష్ఠంగా 500 రూపాయలు తగ్గింపు ఉంది. అది చిన్న లాభం. పెద్ద విషయం క్లెయిమ్ వేళ వస్తుంది. కారు పోయిందని చెబితే కంపెనీ మొదట అడిగేది రెండు ఒరిజినల్ కీలు. ఒకటి చూపించలేకపోతే కీ కారులోనే వదిలేశారేమోనన్న అనుమానంతో క్లెయిమ్ సాగదీస్తారు. కీ వదిలి దిగిన కేసుల్లో క్లెయిమ్ పూర్తిగా కొట్టెయ్యకుండా 75 శాతం ఇప్పించిన తీర్పులున్నాయి గానీ, దానికి ఏళ్ళ తరబడి కోర్టుల చుట్టూ తిరగాలి. కాబట్టి కీ పోతే ఆ రోజే పోలీసులకి ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి, ఇన్సూరెన్స్ కంపెనీకి మెయిల్ పెట్టండి, పాత కీ చెరిపించి కొత్తది నమోదు చేయించిన జాబ్ కార్డు, బిల్లు భద్రం చేసుకోండి. బిల్లు మీద ‘పాత కీలు తొలగించి కొత్తవి నమోదు చేశాం’ అనే మాట, ఇప్పుడు మొత్తం ఎన్ని కీలు నమోదై ఉన్నాయో ఆ సంఖ్య రాయించుకోండి. రెండో కీని ఏడాదంతా సొరుగులో పడి ఉండనివ్వకుండా అప్పుడప్పుడూ దానితోనూ బండి స్టార్ట్ చెయ్యండి. మొదటిది పోయిన రోజు అదీ పనిచెయ్యదని తేలితే, కారుని మోయించుకుని సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్ళి, కొన్ని మోడళ్ళలో ఈసీయూతో సహా మార్పించాల్సి వస్తుంది.